టెక్సస్‌లో నా మొదటి పిస్టల్: ఎంచుకోవడం నుంచి ఇంటికి తెచ్చుకునే దాకా

కాగితం మీద గురి చూసి కాల్చడానికి ఒక పిస్టల్ కొనుక్కున్నాను. ఆత్మరక్షణ కోసం కాదు, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరగడానికీ కాదు. 2024 ఆగస్టులో మొదలుపెట్టిన పని నవంబరు రెండో వారానికి తెమిలింది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే రేంజ్‌లకి, అంటే తుపాకీ కాల్చడం సాధన చేసే చోట్లకి, వెళ్తున్నారు. కానీ కొనే దగ్గర ఏం జరుగుతుందో, అందులోనూ గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకి ఏం జరుగుతుందో, తెలుగులో వివరంగా చెప్పినవాళ్లు నాకు దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గురి చూసి కాల్చడం మీద ఇష్టం నాకు కాలేజీ రోజుల నుంచీ ఉంది. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని, సన్నటి తూటా ఉండే .22 రైఫిల్ కాల్చాను. తలా కాసిని తూటాలే ఇచ్చేవారు. ఊపిరి బిగబట్టి, గొట్టం చివరుండే ముందు సైటు మీద చూపు నిలిపి, ట్రిగర్ మెల్లగా నొక్కుతుంటే బుర్రలో ఇంకో ఆలోచన ఉండేది కాదు. తర్వాత పెళ్లి, ఉద్యోగం, అమెరికా, బాబు పుట్టడం, ఏళ్ల తరబడి హెచ్1బీ. 2022లో గ్రీన్ కార్డు వచ్చాకే మళ్లీ ఆ ఆలోచన చేయగలిగాను.

వీసా సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. హెచ్1బీ, ఎఫ్1, విజిటర్ వీసా లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. కొనడమే కాదు, రేంజ్‌లో అద్దెకి తీసుకుని పట్టుకోవడం కూడా దాని కిందికే వస్తుంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో మనకి పనికొచ్చేది హంటింగ్ లైసెన్సు: ఏ రాష్ట్రానిదైనా సరే, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండాలి. టెక్సస్ లైసెన్సు ఏడాది ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న పాత లైసెన్సుతో రేంజ్‌కి వెళ్లారంటే మినహాయింపు లేనట్టే. మా తమ్ముడు హెచ్1బీ మీద ఉన్నాడు. "అక్కా, నేనూ వస్తా, ఊరికే ఒక రౌండ్ కాలుస్తా" అన్నాడు. వద్దన్నాను. వాడికి కోపం వచ్చింది. వేసవికి మా దగ్గరికి వచ్చిన మామయ్యగారిని కూడా తీసుకెళ్లలేకపోయాను. ఆయనది విజిటర్ వీసా. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. కానీ తుపాకీకి సంబంధించిన నేరం ఏదైనా రుజువైతే ఆ కార్డు పోయి, దేశం నుంచి పంపించేసే పరిస్థితి రావచ్చు. అందుకే పౌరసత్వం ఉన్న స్నేహితులు తేలిగ్గా తీసుకునే విషయాలు మనం తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంట్లో ఒప్పించడానికి పట్టిన సమయం మిగతా అన్నిటికంటే ఎక్కువ. డాలస్ పక్కనుండే ఆలెన్ ఊరు మా ఇంటికి పెద్ద దూరం కాదు. 2023 మే 6న అక్కడి అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు కాల్పులు జరిపి ఎనిమిది మందిని పొట్టన పెట్టుకున్నాడు. చనిపోయినవాళ్లలో హైదరాబాద్ నుంచి వచ్చిన మన తెలుగమ్మాయి ఉంది. ఆ మాల్‌కి మేము ఎన్నోసార్లు వెళ్లాం, బాబుకి బూట్లు కొన్నది అక్కడే. ఆ తర్వాత మా ఆయన తుపాకీ అన్న మాటే ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఆయన మాటలో న్యాయం ఉందని నాకూ తెలుసు. నేను వాదించలేదు. "రేంజ్‌లో కాల్చడం నాకిష్టం. ఇంట్లోకి రావాలా వద్దా అనేది నువ్వూ నేనూ కలిసి తేల్చుకుందాం" అన్నాను. ఆయన రెండు షరతులు పెట్టారు. లాకర్ ముందు రావాలి, తుపాకీ తర్వాత రావాలి. బాబు స్నేహితుల తల్లిదండ్రులకి ఈ విషయం దాచకూడదు. రెండూ మంచి షరతులే.

ఆగస్టు చివర్లో ఆడవాళ్ల కోసం పెట్టిన ఒక ప్రాథమిక క్లాసులో చేరాను. 90 డాలర్లు. సగం రోజు. మొదటి గంటన్నర అంతా భద్రతే. ప్రతి తుపాకీనీ నిండి ఉన్నట్టే చూడటం, కాల్చకూడని దాని వైపు మూతి తిప్పకపోవడం, గురి కుదిరేదాకా వేలు ట్రిగర్ బయటే ఉంచడం, గురి వెనక ఏముందో తెలుసుకోవడం. తర్వాత టీచరు చేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ మీది గడియారాన్ని చూస్తూ ఒక్కో కన్ను మూయమంది. నాది కుడిచేతి వాటం. కానీ ఎడమ కన్ను మూయగానే గడియారం మాయమైంది. అంటే నా చూపుని నడిపించేది ఎడమ కన్నట. రైఫిల్‌కైతే అది ఇబ్బంది, పిస్టల్‌కైతే పెద్ద సమస్య కాదు, ముక్కు ముందు నుంచి పిస్టల్‌ని కాస్త ఎడమకి తెస్తే చాలు అంది. ఇది తెలియకుండా ఏళ్లు కాల్చేవాళ్లు ఉంటారట. మీరు కొనడానికి వెళ్లే ముందు ఇంట్లోనే చూసుకోండి, ఖర్చు లేని పని.

ఆ క్లాసులో మాకు మొదట .22 ఇచ్చి, తర్వాత అంతకంటే లావు తూటా ఉండే 9 ఎంఎం ఇచ్చారు. తూటా ఎక్కించడానికి 9 ఎంఎం పైభాగాన్ని, అంటే స్లయిడ్‌ని, వెనక్కి లాగడం నాకు బిగుసుకుపోయిన ఆవకాయ జాడీ మూత తీసినట్టు అనిపించింది. బలం ఎక్కువ కావాలి, అరచేయి జారుతుంది. ఎడమ చేత్తో స్లయిడ్‌ని గట్టిగా పట్టుకుని, కుడి చేత్తో పిస్టల్‌ని ముందుకి తొయ్యాలని నేర్పాక కుదిరింది. మొదటి తూటా పేలినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. భయం కాదు, నొప్పీ కాదు. గదిలో ఆ శబ్దం గుండెల్లో తగులుతుంది. చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు, వాటి మీద మఫ్స్, రెండూ పెట్టుకున్నా తగులుతుంది. పక్క లేన్‌లో ఎవరైనా పొట్టి రైఫిల్ కాలిస్తే మరీ ఎక్కువ. చేతులు కాసేపటిదాకా వణికాయి. టీచరు మంచినీళ్లు ఇచ్చి, తొందరేం లేదంది. పక్కనున్న ముగ్గురు అమ్మాయిల్లో ఒకామె కూడా ఏడుస్తోంది. ఇది జరుగుతుందని తెలిసుంటే అంత కంగారు పడేదాన్ని కాదు.

ఇంకో చిన్న సంగతి. మెడ దగ్గర తెరిచి ఉన్న చొక్కా వేసుకెళ్లకండి. తూటా పేలాక బయటపడే వేడి ఖాళీ తొడుగు ఎగిరొచ్చి మెడలో పడితే చురుక్కుమంటుంది. ఆ సమయంలో చెయ్యి ఎటు తిరుగుతుందో చెప్పలేం.

సెప్టెంబరంతా అద్దె పిస్టల్స్‌తో గడిచింది. రేంజ్ గంటకి 25 డాలర్లు, పిస్టల్ అద్దె ఇంకో 15, తూటాలు వాళ్ల దగ్గరే కొనాలి. మొదట్లో ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఒంటరిగా వెళ్లాను. కౌంటర్లో ఉన్న పెద్దాయన మర్యాదగా, సొంత తుపాకీ లేకుండా ఒంటరిగా వచ్చినవాళ్లకి అద్దెకి ఇవ్వమన్నాడు. ఎందుకని అడిగితే కాసేపు తటపటాయించి, రేంజ్‌కొచ్చి ప్రాణం తీసుకున్నవాళ్లు ఉన్నారు, అందుకని చాలా రేంజ్‌లు ఈ నియమం పెట్టుకున్నాయి అని చెప్పాడు. నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. పార్కింగ్‌లో కార్లో కూర్చుని కాసేపు ఉండిపోయాను. ఆ నియమం మీద నాకు గౌరవం కలిగింది. ఆ తర్వాత ఆఫీసులో పనిచేసే తమిళ స్నేహితురాలు తోడొచ్చేది. ఆమెకి పౌరసత్వం ఉంది.

ఇక ఎంపిక విషయం. తెలిసినవాళ్లందరూ 9 ఎంఎం కొనమన్నారు. గ్లాక్ 19 అందరి నోటా వినిపించే పేరు. నమ్మకమైన పిస్టలే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ నా టార్గెట్ కాగితాలు వేరే కథ చెప్పాయి. 9 ఎంఎంతో నా తూటాలన్నీ నల్ల గుండ్రానికి కిందా ఎడమా గుమిగూడేవి. సైట్లు సరిగ్గా లేవేమో అనుకుని పిస్టల్ మార్చి చూశాను, మళ్లీ అక్కడే. అప్పుడు టీచరు, నాకు కనిపించకుండా తూటాలు నింపే మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య డమ్మీ తూటాలు కలిపి ఇచ్చింది. డమ్మీ వచ్చినప్పుడు పిస్టల్ పేలదు, అయినా దాని మూతి ఒక్కసారిగా కిందికి వంగింది. నేను కళ్లారా చూశాను. పిస్టల్ వెనక్కి తన్నుతుందన్న భయంతో, పేలే ముందే చెయ్యి దాన్ని అణచడానికి చూస్తోందన్నమాట. కొత్తవాళ్లలో చాలామందికి ఇది వస్తుందట. అలవాటుగా ముదిరితే వదిలించుకోవడం కష్టమట. అదే పనిని .22తో చేస్తే మూతి కదల్లేదు. ఏడు గజాల దూరంలో నా పది తూటాలూ అరచేతి లోపల పడ్డాయి.

అప్పుడే నిర్ణయం అయిపోయింది. నేను కొనేది కాగితం మీద గురి కోసం. కాబట్టి ఎక్కువసేపు, భయం లేకుండా, జేబు చూసుకోకుండా కాల్చగలిగేదే నాకు సరైనది. నేను కొన్నప్పుడు 50 తూటాల .22 పెట్టె ఐదు డాలర్లు, 9 ఎంఎం పెట్టె 14 డాలర్లు. ఒక సాయంత్రం రెండు వందల తూటాలు కాలిస్తే తేడా ఎంతో మీరే లెక్కేసుకోండి. .22తో చిక్కు ఒకటే. అప్పుడప్పుడు తూటా పేలదు. ఇందులో నిప్పు రాజేసే మందు తొడుగు అంచులో ఉంటుంది కాబట్టి చవక రకాల్లో ఈ బాధ కాస్త ఎక్కువ. పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగాలి, వెంటనే తెరిచి చూడకూడదు. ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది.

నా చేతులు చిన్నవి. అందుకని సెప్టెంబరు చివర్లో ఒక షాపులో అడిగితే, అక్కడి అబ్బాయి వెంటనే ఐదు తూటాల బుల్లి .38 రివాల్వర్ తీసి, ఆడవాళ్లందరూ ఇదే తీసుకుంటారన్నాడు. అరకిలో బరువు కూడా లేదు. చేతిలో ముచ్చటగా ఉంది. కానీ పిస్టల్ ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుంది. బరువే తన్నుని మింగేది. పైగా ఆ రివాల్వర్ ట్రిగర్ నొక్కడానికి ఐదు కిలోల పైచిలుకు బలం కావాలి. అది దాచిపెట్టుకుని తిరగడానికి చేసిన వస్తువు, గంటసేపు గురి చూడటానికి కాదు. నాలుగు తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదలు కందిపోతుంది. ఆడవాళ్లకి చిన్నది ఇవ్వాలన్న ఆలోచన వల్ల ఎంతమంది మొదటి రోజే ఈ ఆటకి దూరమవుతారో అని నాకు నిజంగా బాధేసింది. చిన్న చేతికి కావాల్సింది చిన్న పిస్టల్ కాదు, పిడి మందం తక్కువగా ఉన్న పిస్టల్. పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగర్ మీద ఇబ్బంది లేకుండా ఆనుతుందా అన్నదే కొలత.

.22ల్లో నాలుగైదు పట్టుకుని చూశాను. గ్లాక్ 44 మరీ తేలిక, గురి కోసం నిలకడగా పట్టుకోవడానికి నాకు బరువు చాల్లేదు. బ్రౌనింగ్ బక్ మార్క్ ట్రిగర్ చాలా బాగుంది. చివరికి దానికీ రూగర్ మార్క్ 4 22/45కీ మధ్య తేల్చుకోవాల్సి వచ్చింది. రూగర్ కంపెనీ 1949లో తన మొదటి పిస్టల్‌గా తెచ్చింది ఈ వరసలోదే. పాత రకాలు విప్పి శుభ్రం చేయడం నరకమని పేరు. మార్క్ 4లో వెనక ఒక బటన్ నొక్కితే పిస్టల్ రెండుగా తెరుచుకుంటుంది. ఇంకో పెద్ద సుఖం ఏంటంటే, ఇందులో మొత్తం స్లయిడ్‌ని లాగక్కర్లేదు. వెనక రెండు చెవుల్లా ఉన్న బోల్ట్ అనే చిన్న భాగాన్ని రెండు వేళ్లతో పట్టి లాగితే చాలు. మా అత్తయ్య కూడా లాగగలరు. అయిదున్నర అంగుళాల లావు గొట్టం, తొమ్మిది వందల గ్రాముల పైచిలుకు బరువు. మ్యాగజైన్ లేకపోతే పేలదు. పట్టగానే నా వేలు సరిగ్గా ట్రిగర్ మీదికొచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 2017 జూన్‌కి ముందు తయారైన మార్క్ 4లని సేఫ్టీ లోపం వల్ల కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేసింది. సీరియల్ నంబరు చెప్పి అది అయిందో లేదో కనుక్కోండి.

ఇచ్చిన మాట ప్రకారం ముందు లాకర్ వచ్చింది. 160 డాలర్లు, స్టీలుది, అల్మరా లోపల గోడకి బోల్టులు వేసి బిగించాం. టెక్సస్‌లో తుపాకీ భద్రతకి వాడే సామానుకి సేల్స్ టాక్స్ లేదు, ఆ సంగతి బిల్లు చూశాకే తెలిసింది. తూటాలకి వేరే తాళం డబ్బా. 17 ఏళ్లలోపు పిల్లలకి అందేలా నిండిన తుపాకీ వదిలేయడం ఈ రాష్ట్రంలో నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, తొమ్మిదేళ్ల బాబున్న ఇంట్లో ఇందులో బేరాలు లేవు.

2024 అక్టోబరు 19, శనివారం. షాపుకి ఇద్దరం వెళ్లాం. టెక్సస్‌లో కొనడానికి ముందస్తు పర్మిట్ ఏమీ లేదు. తుపాకీ కొనేవాళ్ల కోసం ఉన్న ఫెడరల్ ఫారం 4473 నింపాలి, షాపువాళ్లు ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ చెక్ చేయిస్తారు, అంటే కొనేవాళ్ల పాత రికార్డుల తనిఖీ. ఫారంలో మనవాళ్లు తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. డ్రైవింగ్ లైసెన్సు మీది అడ్రసు ఇప్పుడుంటున్న ఇంటిదే అయి ఉండాలి, లేకపోతే ఆ అడ్రసున్న ఇంకో ప్రభుత్వ కాగితం చూపించాలి. మేము ఇల్లు మారాక మార్పించుకున్నాం కాబట్టి సరిపోయింది. పక్క వరసలో ఒకతన్ని ఈ కారణంతోనే వెనక్కి పంపించేశారు. కౌంటీ పేరు రాయాలి. మధ్య పేరు లేనివాళ్లు ఆ గడి ఖాళీగా వదలకూడదు, "ఎన్ఎంఎన్" (నో మిడిల్ నేమ్) అని రాయాలి. మన ఇంటిపేర్లు, రెండు ముక్కల పేర్లు పాస్‌పోర్టులో ఒకలా, లైసెన్సులో ఒకలా ఉంటాయి. ముందే సరిచూసుకోండి. పౌరసత్వం ఇండియా అని రాసి, గ్రీన్ కార్డు మీది నంబరు వేయాలి, కాబట్టి కార్డు వెంట ఉండాలి. గంజాయి గురించిన ప్రశ్న ఉంటుంది. వేరే రాష్ట్రంలో అది చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం ప్రకారం కాదని ఫారం మీదే అచ్చేశారు. సెలవులకి వెళ్లి సరదాగా గంజాయి కలిపిన గమ్మీలు తినే స్నేహితులు ఈ మాట చదవాలి.

కౌంటర్ దగ్గర మా ఆయన అలవాటుగా తన కార్డు తీశారు. అమ్మే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది ఎవరు కొంటున్నారు?" అని నన్నే చూస్తూ అడిగింది. నేనేనన్నాను. "అయితే డబ్బు మీరే కట్టండి" అంది. ఒకరి కోసం ఇంకొకరు తామే కొంటున్నామని సంతకం పెట్టడం ఫెడరల్ నేరం. భర్త భార్యకి కానుకగా ఇవ్వడం తప్పు కాదు గానీ, ఆ షాపులో ఫారం ఎవరిదో కార్డూ వాళ్లదే అయి ఉండాలన్నది నియమం. 419 డాలర్లు, 8.25 శాతం పన్ను. నా కార్డే గీశాను.

తర్వాత ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుంది. మామూలుగా నిమిషాల్లో జవాబొస్తుందట. నాకు "డిలేడ్", అంటే ఆలస్యం, అని వచ్చింది.

ఆ మాట విన్నప్పుడు ఒళ్లు చల్లబడింది. ఈ దేశంలో ఇన్నేళ్లున్నాం, ఒక్క ట్రాఫిక్ టికెట్ తప్ప ఏమీ లేదు. అయినా ఇమ్మిగ్రేషన్ కౌంటర్ల ముందు నిలబడి నిలబడి మన ఒంట్లోకి ఒక భయం ఎక్కేసింది. మన పేరు పక్కన ఏ ఎర్ర గుర్తు పడిందో, రేపు పౌరసత్వం దరఖాస్తుకి ఇది అడ్డమవుతుందేమో అని రాత్రంతా ఆలోచనే. మా ఆయన, వద్దంటే వినలేదని ఒక్క మాట కూడా అనలేదు. టీ పెట్టి తెచ్చారు. షాపులో ఆవిడ చెప్పింది ఇదీ: పౌరులు కానివాళ్ల విషయంలో ఎఫ్‌బీఐ ఇమ్మిగ్రేషన్ రికార్డులు కూడా చూస్తుంది, అందుకే గ్రీన్ కార్డు వాళ్లకి ఆలస్యం మామూలే, తిరస్కారం వేరు, ఆలస్యం వేరు. మూడు పనిదినాలు గడిచినా జవాబు రాకపోతే అమ్మకందారు ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చని చట్టం. కానీ ఆ షాపు "ప్రొసీడ్", అంటే అమ్మొచ్చన్న జవాబు, వస్తే తప్ప ఇవ్వదు. ఇలా ఇచ్చే షాపులూ ఇవ్వని షాపులూ రెండూ ఉన్నాయి. డబ్బు కట్టే ముందే అడగండి. నిక్స్ ట్రాన్సాక్షన్ నంబరు తప్పకుండా రాయించుకోండి. ఇంకో గడువు కూడా ఉంది. ఆ చెక్ 30 రోజులకే చెల్లుతుంది, దాటితే మొదటికొస్తుంది.

గురువారం వచ్చింది, జవాబు లేదు. మరో వారం. దీపావళి వచ్చింది. ఇంటికొచ్చిన స్నేహితులకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని కాసేపు మథనపడి, మా ఆయనకిచ్చిన మాట గుర్తొచ్చి చెప్పాను. బాబు స్నేహితుల తల్లులు నలుగురు ఉన్నారు. ఎక్కడ పెడతాం, తాళం ఎవరి దగ్గరుంటుంది, పిల్లలొచ్చినప్పుడు ఏం చేస్తాం, అన్నీ చెప్పాను. ఇద్దరు అల్మరా చూపించమని అడిగి చూశారు. ఒకామె వెంటనే ఏమీ అనలేదు. ఆ తర్వాత వాళ్లబ్బాయిని మా ఇంటికి పంపడం మానేసింది. మా వాడే వాళ్లింటికి వెళ్తున్నాడు. ఆమెని నేను తప్పుపట్టను, ఆమె స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో. కానీ బాధ ఉంది, ఇప్పటికీ ఉంది. గుంటూరులో అమ్మకి ఫోన్లో చెబితే, "తుపాకీ ఏంటే, అదీ ఆడపిల్లవి, పిల్లాడున్న ఇంట్లో" అని చాలాసేపు బెంగపడింది. వీడియో కాల్‌లో లాకర్ చూపించాక, "సరే, తాళం జాగ్రత్త" అంది.

నవంబరు 8, శుక్రవారం మధ్యాహ్నం షాపు నుంచి ఫోన్. "ప్రొసీడ్" వచ్చింది. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఫారం నింపిన రోజు వేరు, తీసుకునే రోజు వేరు కాబట్టి, నేను రాసిన జవాబులు ఇవాళ్టికీ నిజమేనని మళ్లీ సంతకం తీసుకున్నారు. గుర్తింపు కార్డు మళ్లీ చూశారు. పిస్టల్‌తో పాటు కేబుల్ తాళం ఒకటి ఇచ్చారు. చేతి తుపాకీ అమ్మేటప్పుడు ఏదో ఒక తాళం ఇవ్వాలన్నది ఫెడరల్ నియమం. దాన్ని తాళం వేసిన పెట్టెలో, ఖాళీగా, కారు డిక్కీలో పెట్టుకుని వచ్చాను. మా ఇంటి దారిలో ఎలిమెంటరీ స్కూలు ఉంది. స్కూలుకి వెయ్యి అడుగుల లోపు ఉన్న రోడ్డు మీద వెళ్లాలంటే, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు లేనివాళ్లు ఖాళీ చేసి తాళం పెట్టెలోనే ఉంచాలని ఫెడరల్ చట్టం. టెక్సస్‌లో ఏదైనా నడుస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

రేంజ్ నుంచి రాగానే నా పద్ధతి ఒకటి ఖాయం చేసుకున్నాను. తూటా మందులో, సీసపు తూటాల్లో ఉన్న సీసం చేతులకీ బట్టలకీ అంటుతుంది. అక్కడే చన్నీళ్లతో, సబ్బుతో చేతులు, మొహం కడుక్కుంటాను. ఇంటికొచ్చి బట్టలు విడిగా వేసి స్నానం చేశాకే బాబుని దగ్గరికి తీసుకుంటాను. మొదట్లో వాడు పరిగెత్తుకుంటూ వచ్చేవాడు, ఇప్పుడు వాడే "అమ్మా, స్నానం అయిందా?" అని అడుగుతున్నాడు.

మొత్తం ఖర్చు చెప్పమంటే: పిస్టల్ పన్నుతో 454 డాలర్లు, లాకర్ 160, క్లాసు 90, మాటలు వినిపిస్తూ పేలుడు శబ్దాన్ని మాత్రం ఆపే ఎలక్ట్రానిక్ మఫ్స్ 60, కళ్లద్దాలు, శుభ్రం చేసే బ్రష్షులు, నూనె కలిపి ఇంకో 50. కొనేదాకా అద్దెలకి పోసింది వేరే, అయినా దానికి నేను చింతించను. ఆ అద్దెలే నన్ను 9 ఎంఎం కొనకుండా కాపాడాయి. ఇప్పుడు సొంతది ఉంది కాబట్టి ఒంటరిగా వెళ్లినా రేంజ్‌లో అభ్యంతరం లేదు. గురి దూరం ఏడు నుంచి పది గజాలకి మార్చాను. తూటాల్లో మామూలు వేగం ఉన్న సీసీఐ కంపెనీ రకం నా పిస్టల్‌కి బాగా పడింది, ఇంకో చవక రకం పెట్టెకి ఒకటి రెండైనా పేలకుండా మిగులుతున్నాయి. ప్రతి పిస్టల్‌కీ ఏ తూటా నచ్చుతుందో కాల్చి చూడాల్సిందే.

వచ్చే ఏడాది ఇంకో పిస్టల్ కొనాలనుకుంటే మళ్లీ ఇలాగే ఆలస్యమవుతుందా అని షాపులో ఆవిడని అడిగాను. అవ్వొచ్చు అంది. దానికి ఎఫ్‌బీఐ దగ్గర ఒక దారి ఉంది. వాలంటరీ అప్పీల్ ఫైల్ అంటారు. వేలిముద్రలతో దరఖాస్తు పెట్టుకుంటే, మన వివరాలు వాళ్ల దగ్గర ఉంచుకుని ఒక ప్రత్యేక నంబరు ఇస్తారు. తర్వాతి సారి ఫారంలో ఆ నంబరు రాస్తే తేల్చడం సులువవుతుంది. డిసెంబరులో వేలిముద్రలు వేయించి పంపాను. ఇంకా జవాబు రాలేదు. తమ్ముడు ఈలోపు హంటింగ్ లైసెన్సు కోసం హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో చేరాడు.